చెవికి అందని ఒక కథ

నాలుగేళ్ళుగా కొత్త సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ కథలు నేను చదివినవాటి కన్నా విన్నవే ఎక్కువ. స్క్రీన్ కాసేపు చూస్తే చాలు, నాకు తల పట్టేస్తుంది. క్లార్క్స్‌వరల్డ్ పత్రిక నెలనెలా వేసే కథలకు ఆడియో కూడా పెడుతుంది, రూపాయి కట్టనక్కర్లేదు. ఏళ్ళ తరబడి కేట్ బేకర్ గొంతులో ఆ కథలు వింటూ గిన్నెలు తోమాను, బట్టలు మడతపెట్టాను.

మొదలుపెట్టేవాళ్ళకు నయోమి క్రిట్జర్ కథలు చెబుతాను. 2015లో వచ్చిన 'క్యాట్ పిక్చర్స్ ప్లీజ్'లో కథ చెప్పేది ఒక కృత్రిమ మేధ. మనుషులకు మంచి చెయ్యాలని దాని తాపత్రయం, బదులుగా అడిగేది పిల్లి ఫోటోలు. పక్కన కూర్చుని కబుర్లు చెప్పినట్టు ఉంటుంది కాబట్టి వింటేనే బాగుంటుంది. 2023 నాటి 'బెటర్ లివింగ్ త్రూ ఆల్గరిథమ్స్' కూడా అంతే. ఎలా బతికితే హాయిగా ఉంటుందో చెప్పే ఒక యాప్ కథ అది.

ఇన్నాళ్ళూ అందరికీ ఒకటే చెప్పేదాన్ని: వినండి, చదవక్కర్లేదు. ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా అనలేను.

సారా పిన్‌స్కర్ రాసిన 'వేర్ ఓకెన్ హార్ట్స్ డు గ్యాదర్' అన్‌క్యానీ పత్రికలో 2021లో వచ్చింది. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ కథలకిచ్చే పెద్ద అవార్డులు నెబ్యులా, హ్యూగో రెండూ గెలిచిన కథ. నేను ఫోన్‌లో చదివి వినిపించే ఫీచర్ పెట్టుకుని మొదలుపెట్టాను. పది నిమిషాలకే దారి తప్పాను. ఒక పాట చరణం వస్తుంది, వెంటనే ఎవరిదో పేరు, ఆ వెంటనే వాదన, అన్నీ ఒకే చప్పటి గొంతులో. మూడుసార్లు వెనక్కి జరిపాను. నా ఇంగ్లీషే చాలట్లేదేమో అని బాధపడి ఆపేశాను.

వారం తర్వాత ఓ రాత్రి పేజీ తెరిచాక అర్థమైంది. కథంతా ఒక పాత జానపద గేయం కింద పాఠకులు రాసుకున్న వ్యాఖ్యలే. పైన చరణం, కింద గొడవ. ఒకరు ముక్తసరిగా తేల్చేస్తారు, ఇంకొకరు పేరాలకు పేరాలు రాస్తారు. ఎవరు ఎప్పుడు ఏమన్నారో చూడ్డానికి నేను మళ్ళీ మళ్ళీ పైకి జరుపుతూ పోయాను. అలా వెతుకుతుంటేనే భయం పట్టుకుంది. ఆ వెతుకులాట చెవితో కుదరదు. ఆ రాత్రి తలనొప్పి వచ్చింది, అయినా ఆపలేదు.

ఇప్పటికీ నేను ఎక్కువగా వింటూనే ఉన్నాను, నా కళ్ళకు అదే సుఖం. మీకు ఆ ఇబ్బంది లేకపోతే మీ లెక్క వేరేగా ఉండొచ్చు. మొన్న మా చెల్లికి నాలుగు కథలు పంపాను. మూడింటికి ఆడియో లింకులు పెట్టాను. పిన్‌స్కర్ కథకు మాత్రం, ఫోన్‌లో కాకుండా పెద్ద స్క్రీన్ మీద, తీరిగ్గా చదువుకోమని రాశాను.