ముక్కు మీది గడ్డలు పోయాయి, మళ్లీ వచ్చాయి

హన్మకొండలో నాది చర్మవ్యాధుల క్లినిక్. పేషెంట్లు కూర్చునే హాల్లో మూడు పాత యూరప్ చిత్రాలు పెట్టాలని చౌరస్తా దగ్గర ఒక ఫోటో ప్రింటింగ్ షాపులో ఇచ్చాను. 12 బై 18 సైజు, మ్యాట్ పేపరు, ఫ్రేముతో కలిపి ఒక్కోటి 650 రూపాయలు.

మొదటిది 1490 ప్రాంతంలో ఘిర్లాండాయో వేసిన తాతామనవళ్ల బొమ్మ. అసలుది పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. తాత ముక్కు నిండా గడ్డలు. దాన్ని రైనోఫైమా అంటాం. రోసేషియా అనే జబ్బు ముదిరి, ముక్కు మీది నూనె గ్రంథులు పెరిగితే అలా అవుతుంది. తీరా ప్రింటు చూస్తే ముక్కు నున్నగా ఉంది! నుదుటి మీది పులిపిరి కూడా లేదు. "ఫేస్ మంచిగ లేదని నేనే టచప్ చేసిన మేడమ్" అన్నాడు కంప్యూటర్ దగ్గరి అబ్బాయి.

నాకు కావలసిందే ఆ ముక్కు. చుక్క ముట్టనివాళ్లు కూడా ఈ ముక్కుతో ఊళ్లో తాగుబోతు అనిపించుకుని, కండువా అడ్డం పెట్టుకుని నా దగ్గరికి వస్తారు. బొమ్మలో మనవడు తాత ఛాతీ మీద చెయ్యి వేసి, ఆ ముఖంలోకే చూస్తుంటాడు. వాళ్లు చూడాల్సింది అది. ఈ మాట చెప్పగానే అబ్బాయి పైసా అడక్కుండా మళ్లీ తీసిచ్చాడు. ఈసారి గడ్డల నీడలు, ఎరుపు సరిగ్గా వచ్చాయి.

రెండోది లావీనియా ఫోంటానా వేసిన ఆంటోనియెట్టా అనే చిన్నపిల్ల. పుట్టుకతో వచ్చే హైపర్‌ట్రైకోసిస్ వల్ల ముఖమంతా వెంట్రుకలు. "ఏఐ బొమ్మనా మేడమ్?" అన్నాడు. కాదు, 1595 ప్రాంతపు బొమ్మ, వాళ్ల నాన్నకూ అంతే అని చెప్పాను. వెంట్రుకలు విడివిడిగా కనిపించేంత బాగా వచ్చింది.

మూడోది కుదరలేదు. గ్రూనెవాల్డ్ వేసిన ఈసెన్‌హైమ్ బలిపీఠంలో, అంటే చర్చి పూజాపీఠం మీద నిలిపే చిత్రాల పలకల్లో, ఒక మూల ఒళ్లంతా పుండ్లతో ఉన్న మనిషి. రై ధాన్యానికి పట్టే బూజు తిని ఒళ్లు కాలినట్టయ్యే రోగులకు సేవ చేసిన మఠం కోసం 1512-16 మధ్య వేసిన చిత్రం అది. రెండుసార్లు తీసినా ముదురు రంగులు నల్లగా కలిసిపోయి పుండ్లే కనిపించలేదు. దాని డబ్బు వాళ్లు తీసుకోలేదు.

ముఖాల బొమ్మలకైతే ధైర్యంగా వెళ్లండి. ఇచ్చేటప్పుడే బిల్లు మీద "టచప్ వద్దు" అని రాయించండి.