స్మార్ట్ వెయిట్ మెషిన్: బరువు సరిగ్గానే చెబుతుంది, మిగతావి ఊహిస్తుంది

తిండి విషయంలో జాగ్రత్త పడుతూ, వారానికి ఐదు రోజులు వ్యాయామం చేయడం మొదలుపెట్టిన పదకొండో రోజు ఉదయం, అంతకు ముందే కొన్న స్మార్ట్ వెయిట్ మెషిన్ నా బరువు 78.0 కిలోలని చూపించింది. మొదటి రోజున అదే మెషిన్ చూపించిన అంకె 76.2. ఫోన్‌లోని యాప్ ఒక ఎర్ర బాణం గుర్తు వేసి, నేను లక్ష్యానికి దూరమవుతున్నానని హెచ్చరించింది. కడుపు కట్టుకుని, ఒళ్లు హూనం చేసుకుని, చివరికి దాదాపు రెండు కిలోలు పెరిగానన్న ఉక్రోషంతో ఆ పూట వ్యాయామం మానేశాను. ఆ తరువాత నాలుగు నెలల పాటు ఈ మెషిన్‌ను దాదాపు ప్రతిరోజూ వాడాను; అది చెప్పే అంకెల్లో ఏది నమ్మదగినదో, ఏది కాదో తెలుసుకోవడానికి చిన్న చిన్న పరీక్షలు కూడా పెట్టాను. ఈ తరహా మెషిన్లన్నీ ఇంచుమించు ఒకే పద్ధతిలో పనిచేస్తాయి కనుక కంపెనీ పేరు ప్రస్తావించడం లేదు.

ముందుగా మెచ్చుకోవలసినది చెబుతాను. తూకం విషయంలో ఈ మెషిన్‌కు వంక పెట్టలేము. గాజు పలక కింద నాలుగు మూలలా నాలుగు లోడ్ సెల్స్ ఉంటాయి. మనం ఎక్కినప్పుడు వాటిలోని సన్నని లోహపు పట్టీలు సాగి, వాటి విద్యుత్ నిరోధం మారుతుంది, ఆ మార్పునే మెషిన్ బరువుగా లెక్కిస్తుంది. పది కిలోల డంబెల్ చేతిలో పట్టుకుని ఎక్కితే 10.05 కిలోలు అదనంగా చూపించింది, ఇంట్లో వాడే పరికరానికి అంతకంటే ఏం కావాలి? అయితే కింద గట్టి నేల ఉండాలి. తివాచీ మీద పెట్టి చూసినప్పుడు అదే నిమిషంలో కిలోకు పైగా తేడా వచ్చింది. చోటు మార్చిన ప్రతిసారీ ఒకసారి కాలితో తట్టి, సున్నా చూపించే వరకు ఆగి, అప్పుడు ఎక్కాలి. ఈ మాట వాడకం పుస్తకంలో ఉంది కానీ, దాన్ని ఎవరు చదువుతారు?

ఆ పుస్తకంలో కూడా లేని ఒక గడుసుతనం ఈ మెషిన్‌లో ఉంది. ఒకరోజు ఎక్కి చూస్తే 75.35 అని వచ్చింది. దిగి, కొలిచిన 200 మిల్లీలీటర్ల నీళ్లు తాగి, వెంటనే మళ్లీ ఎక్కాను. 75.35. దిగి మళ్లీ ఎక్కినా అదే అంకె. తరువాత ఐదు కిలోల డంబెల్‌ను మెషిన్ మీద పెట్టి, తీసేసి, అప్పుడు నేను ఎక్కాను. ఈసారి 75.55. అంటే, క్రితం తూకానికి, ఇప్పటి తూకానికి తేడా స్వల్పంగా ఉంటే, కొత్త అంకె బదులు పాత అంకెనే మళ్లీ చూపించే ఏర్పాటు లోపల ఉందన్నమాట. వెంట వెంటనే తూగినప్పుడు అంకె ఇటూ అటూ ఊగితే కొన్నవాడు మెషిన్ నాసిరకమని అనుకుంటాడు కనుక ఇలా చేసి ఉంటారు. డిజిటల్ వెయిట్ మెషిన్లు చాలావాటిలో ఈ సంగతి ఉంటుంది. మూడుసార్లు ఎక్కినా ఒకే అంకె వచ్చిందంటే అది మెషిన్ కచ్చితత్వమని మురిసిపోనక్కరలేదు.

ఇక పెట్టె మీద పెద్ద అక్షరాలతో ప్రచారం చేసుకున్న కొవ్వు శాతం, కండరాల బరువు, ఎముకల బరువు, శరీర వయసు వగైరా. వీటిలో మెషిన్ నేరుగా కొలిచేది ఒక్కటే: శరీరం గుండా ప్రవహించే విద్యుత్తుకు ఎదురయ్యే అడ్డంకి. గాజు మీద ఉన్న లోహపు పట్టీల నుంచి అతి స్వల్పమైన విద్యుత్తు ఒక పాదంలోంచి ఎక్కి, రెండో పాదంలోంచి దిగుతుంది. కండరంలో సుమారు 75 శాతం నీరే కనుక విద్యుత్తు దానిలోంచి తేలికగా పోతుంది. కొవ్వులో నీరు చాలా తక్కువ కనుక అడ్డుకుంటుంది. ఆ అడ్డంకికి మన ఎత్తు, వయసు, స్త్రీ పురుష భేదం, బరువు జోడించి, ఒక సూత్రంలో వేసి శాతాన్ని రాబడుతుంది. పాదం నుంచి పాదానికి వెళ్లే విద్యుత్తు ఎక్కువగా కాళ్ల మీదుగానే పోతుంది. ఛాతీ, చేతుల సంగతి మెషిన్ కేవలం అంచనా వేస్తుంది. ఎముకల బరువునైతే అది అసలు కొలవనే కొలవదు, మిగతా అంకెల నుంచి లెక్కగట్టి చెబుతుంది.

దీన్ని రుజువు చేసుకోవడం కష్టమేమీ కాదు. యాప్‌లోని నా వివరాలలో "క్రీడాకారుడు" అన్న చోట ఒక్క టిక్కు పెట్టి తూగితే, 27.4 ఉన్న నా కొవ్వు శాతం 22.1కి దిగిపోయింది. ఒంట్లో ఒక్క గ్రాము కూడా కరగలేదు, మారింది సూత్రం. పాదాలు పొడిగా ఉన్నప్పుడు ఒక శాతం, స్నానం చేసి వచ్చాక మరొకటి, గంటసేపు చెమట పట్టేలా నడిచి వచ్చాక ఇంకొకటి చూపించింది. కొవ్వు శాతాన్ని రోజూ చూడడం వృథా. అదే సమయంలో, అదే స్థితిలో, నెలకు ఒకసారి చూసి, తగ్గుతోందా పెరుగుతోందా అన్న దిశను మాత్రం గమనించుకోవచ్చు.

ఇప్పుడు ఆ 1.8 కిలోల సంగతికి వద్దాం. కిలో కొవ్వు కణజాలంలో సుమారు 7,700 కిలో కెలోరీల శక్తి ఉంటుందని లెక్క. ఆ ప్రకారం 1.8 కిలోల కొవ్వు చేరాలంటే 13,860 కిలో కెలోరీలు అదనంగా తినాలి. మధ్యలో గడిచిన పది రోజులకు పంచితే, నా అవసరానికి మించి రోజుకు 1,386. అప్పట్లో నేను మునుపటి కంటే తక్కువే తింటున్నాను. కనుక ఆ పెరుగుదల కొవ్వు కావడానికి ఆస్కారం లేదు, అది దాదాపుగా నీరే. అలవాటు లేని గుంజీలు, బరువులెత్తడం వల్ల కండరాల పోగుల్లో సూక్ష్మమైన గాయాలవుతాయి. వాటిని బాగుచేసే పనిలో శరీరం అక్కడికి నీటిని చేరుస్తుంది. రెండో రోజున మెట్లు దిగలేనంతగా తొడలు పట్టేయడం కూడా ఆ గాయాల వల్లనే. క్రమం తప్పకుండా వ్యాయామం చేసేవారి కండరాలు గ్లైకోజెన్ రూపంలో పిండిపదార్థాన్ని ఎక్కువగా నిల్వ చేసుకుంటాయి. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. రక్తంలోని ద్రవభాగం కూడా కొంత పెరుగుతుంది. వీటికి తోడు ఉప్పు. సెలైన్ సీసాలో లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు ఉంటుంది, మన ఒంటి ద్రవాల గాఢత కూడా ఇంచుమించు అంతే. కాబట్టి బయటి భోజనంలో నాలుగైదు గ్రాముల ఉప్పు అదనంగా లోపలికి వెళితే, మూత్రపిండాలు దాన్ని బయటికి పంపేసే దాకా దాదాపు అర లీటరు నీరు ఒంట్లో నిలుస్తుంది. స్త్రీలకు నెలసరికి ముందు కూడా కొందరిలో ఇలాగే బరువు పెరిగి, తరువాత తగ్గుతుంది. నా మెషిన్‌కు బ్లూటూత్ ఉంది, వైఫై ఉంది, నేను ఆ వారం కొత్తగా వ్యాయామం మొదలుపెట్టానన్న సమాచారమూ ఉంది. ఇవేవీ చెప్పకుండా ఎర్ర బాణం మాత్రం వేసింది.

దీనికి సరిగ్గా ఎదురుగా మా అక్క అనుభవం. అదే మెషిన్‌లో తన పేరుతో ఖాతా తెరుచుకుని, పిండిపదార్థాలు దాదాపు పూర్తిగా మానేసింది. "ఐదు రోజుల్లో రెండున్నర కిలోలు తగ్గానురా, ఈ లెక్కన నెలకెంతో చూడు" అని పొంగిపోయింది. యాప్ తెర మీద బాణాసంచా కాల్చి అభినందించింది. కాలేయంలో, కండరాలలో కలిపి సుమారు అరకిలో గ్లైకోజెన్ ఉంటుంది. పిండిపదార్థాలు మానేస్తే అందులో చాలా భాగం ఖర్చైపోయి, దానిని అంటిపెట్టుకున్న నీరు కూడా వెళ్లిపోతుంది. రెండు కిలోల దాకా అక్కడికక్కడే తేలిపోయింది. విచిత్రమేమిటంటే, బాణాసంచా కాల్చిన తెర మీదే, కింద చిన్న అక్షరాలతో, ఆమె 1.4 కిలోల కండరం కోల్పోయిందని కూడా మెషిన్ రాసింది. నీరు తగ్గితే విద్యుత్తుకు అడ్డంకి పెరుగుతుంది. అలా పెరిగిన అడ్డంకిని ఆ సూత్రం కండరం తగ్గిందన్న అర్థంలో చదువుకుంది. ఒక పెళ్లి భోజనంతో రెండు కిలోలు తిరిగి వచ్చేసరికి అక్క మెషిన్‌ను తిట్టింది. తిట్టవలసింది బాణాసంచానే.

ఒకే రోజులోనే కిలో, కిలోన్నర తేడా రావడం మామూలు. రాత్రి పది గంటలకు 74.8 చూపించిన మెషిన్, మధ్యలో లేవకుండా పడుకుని పొద్దున ఆరింటికి తూగితే 74.1 అంది. పచ్చి నీళ్లు తాగలేదు, బాత్‌రూమ్‌కు వెళ్లలేదు. ఊపిరితో, కంటికి కనిపించని చెమటతో 700 గ్రాములు పోయాయి. నాలుగు వందల ఏళ్ల కిందట ఇటలీలోని పాదువాలో శాంటోరియో అనే వైద్యుడు త్రాసుకు వేలాడదీసిన కుర్చీలో కూర్చుని, దాదాపు ముప్పై ఏళ్ల పాటు తాను తిన్నదీ తాగినదీ విసర్జించినదీ తూచి, లెక్క తేలని బరువంతా ఇలా కనిపించకుండా పోతోందని తేల్చాడు. ఆయనకున్న ఓపిక మన యాప్‌కు లేదు.

ఈ మెషిన్‌లో నిజంగా డబ్బు పెట్టదగిన సదుపాయం ఒకటుంది, దాన్ని కంపెనీ మూడు తెరల వెనక దాచిపెట్టింది: ఏడు రోజుల సగటు గీత. పొద్దున లేచి, కాలకృత్యాలు తీర్చుకుని, ఏమీ తినక ముందు, తేలికపాటి బట్టలతో రోజూ తూగి, ఆనాటి అంకెను పట్టించుకోకుండా వారం సగటును క్రితం వారం సగటుతో పోల్చితే, నీటి ఆటుపోట్లు చాలావరకు ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుంటాయి. అలా చూసుకుంటే నా బరువు మొదటి మూడు వారాలు పెరిగి, ఐదో వారానికి మొదటి స్థాయికి దిగి, ఆ పైన వారానికి మూడు వందల గ్రాముల చొప్పున తగ్గింది. ఐదో వారంలో బరువు మొదటి రోజుతో సమానమే అయినా, టేపుతో కొలిస్తే నడుము మూడు సెంటీమీటర్లు తగ్గింది. ఆ టేపుకు బ్యాటరీలు అక్కరలేదు.

మూడో నెలలో బరువు తగ్గడం ఆగిపోయింది. ఇక్కడ తప్పు సగం నాది. నా చేతికున్న ఫిట్‌నెస్ బ్యాండ్ నుంచి లెక్క తీసుకుని యాప్ రోజూ నేను ఖర్చు చేసిన కెలోరీలను గొప్పగా చూపిస్తే, అంత తినే హక్కు నాకుందనుకున్నాను. తాము ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని చెప్పుకున్న కొద్దిమందిని 1992లో అమెరికా పరిశోధకులు నిశితంగా పరీక్షిస్తే, వారు తిన్నదాన్ని సగటున 47 శాతం తక్కువగా, చేసిన శ్రమను 51 శాతం ఎక్కువగా చెప్పినట్లు తేలింది. వాళ్లు అబద్ధాలకోర్లు కారు, నాలాంటివాళ్లే. కొలవకుండా పోసిన నూనెలో ఒక పెద్ద చెంచాడుకు సుమారు 120 కిలో కెలోరీలు ఉంటాయి, అవి ఏ యాప్‌లోనూ వాటంతట అవి నమోదు కావు. దానికి తోడు, బరువు తగ్గిన ఒంటికి అవసరమయ్యే శక్తి కూడా తగ్గుతుంది. యాప్‌ను ఆ బ్యాండ్ నుంచి విడదీశాక గీత మళ్లీ కిందికి కదిలింది.

ఈ మెషిన్ చెప్పనిది, చెప్పి తీరవలసినది ఇంకొకటుంది. ఏ ప్రయత్నమూ లేకుండా ఆరు నెలల నుంచి ఏడాది లోపల బరువులో 5 శాతానికి పైగా తగ్గితే వైద్యుణ్ణి కలవాలి. మధుమేహం, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం వంటి కారణాలు ఉండవచ్చు. జాగ్రత్తగా తింటున్నా నెలల తరబడి పెరుగుతూనే ఉంటే థైరాయిడ్ తక్కువగా పనిచేయడమో, స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక చికిత్స మందులో కారణం కావచ్చు. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగి, కాళ్లు వాచి, ఆయాసం కూడా ఉంటే, వారం సగటు కోసం ఎదురుచూడకూడదు, వెంటనే వెళ్లాలి. రెండు వందల గ్రాములకే ఎర్ర బాణం వేసే యాప్ వీటిలో దేనికీ నోరు విప్పదు. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవారు వాడరాదన్న హెచ్చరిక కూడా వాడకం పుస్తకం చివరి పేజీలో, భూతద్దం పెట్టి వెతికితే కానీ కనబడనంత చిన్న అక్షరాలలో ఉంది.

వారం సగటును మొదటి తెర మీద పెట్టమని కంపెనీకి రాశాను. నా అభిప్రాయానికి ధన్యవాదాలు తెలిపి, చందా కడితే మరో పన్నెండు రకాల కొలతలు చూడవచ్చని జవాబిచ్చారు. తూకానికి ఐదుకు ఐదు, యాప్‌కు రెండు, కొవ్వు శాతానికి ఒకటి ఇస్తాను. బరువు అంకె చూడగానే ఆ రోజంతా తిండి మానేసే స్వభావం ఉన్నవారికి దీన్ని సిఫారసు చేయను. మిగతావారికి మామూలు డిజిటల్ మెషిన్, ఒక నోటు పుస్తకం, ఒక టేపు చాలు. ఇప్పటికే కొన్నవారు నోటిఫికేషన్లు ఆపేసుకోవచ్చు, నేను ఆపేశాను. మెషిన్ తెర మీద కొవ్వు శాతం వెలిగే రెండో వరుసను ఆపే వీలు లేనందున, దాని మీద నల్ల టేపు ముక్క అతికించాను.