కాన్‌కరెంట్ హ్యాష్‌మ్యాప్: ఒక్క మెథడ్‌తో పదేళ్ల సహవాసం

కీ ఇస్తే విలువ ఇచ్చే పట్టికను అనేక థ్రెడ్లు (ప్రోగ్రాంలో ఒకేసారి నడిచే పనులు) పంచుకోవడానికి జావా 5 నుంచి ఉన్న కాన్‌కరెంట్ హ్యాష్‌మ్యాప్‌ను నేను పదేళ్లుగా దాదాపు ప్రతి సర్వీసులోనూ వాడుతున్నాను. దాని వేగం గురించీ, నల్‌ను (ఏ విలువా లేదనే గుర్తును) ఒప్పుకోని పట్టుదల గురించీ కొత్తగా చెప్పవలసినది లేదు. నన్ను కట్టిపడేసినది జావా 8లో వచ్చిన కంప్యూట్‌ఇఫ్‌ఆబ్సెంట్: కీ లేకపోతేనే, మనమిచ్చిన ఫంక్షన్‌తో విలువను లెక్కకట్టి పెట్టే మెథడ్. అంతకుముందు గెట్‌తో వెతికి, లేకపోతే లెక్కకట్టి పెట్టేవాళ్లం. ఆ సందులో ఇంకో థ్రెడ్ దూరి అదే లెక్క మళ్లీ చేసేది. ఈ మెథడ్‌తో ఆ సందు పూడిపోయింది: లెక్క ఒక్కసారే జరుగుతుంది, మిగతా థ్రెడ్లు ఆగి ఆ విలువనే అందుకుంటాయి.

ఆ ధీమాతోనే ఒక సర్వీసులో విభాగాల సెట్టింగులను ఈ మ్యాప్‌లో దాచాను. ప్రతి విభాగమూ కొన్ని సెట్టింగులను తన పై విభాగం నుంచి తెచ్చుకోవాలి కనుక, లోపలి ఫంక్షన్‌లోంచే అదే మ్యాప్‌పై అదే మెథడ్‌ను మళ్లీ పిలిచాను. టెస్టులన్నీ పాసయ్యాయి. నెలల తరువాత, ఒక రీస్టార్ట్ జరిగిన కాసేపటికి, ఒక కోర్ నూటికి నూరు శాతం తిరుగుతూ ఉండిపోయింది. లాగ్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేదు. థ్రెడ్ డంప్ (ఆ క్షణాన ఏ థ్రెడ్ ఏం చేస్తోందో చూపే జాబితా) తీస్తే ఒక థ్రెడ్ రన్నబుల్ (నడుస్తున్న) స్థితిలో ఉంది, దాని స్టాక్‌లో (పిలిచిన మెథడ్ల వరుసలో) కంప్యూట్‌ఇఫ్‌ఆబ్సెంట్ రెండుసార్లు కనిపించింది. మరికొన్ని థ్రెడ్లు దాని లాక్ కోసం బ్లాకై ఉన్నాయి. మళ్లీ రీస్టార్ట్ చేస్తే అంతా సవ్యంగా నడిచింది, అదే నన్ను రెండు రోజులు తప్పుదోవ పట్టించింది.

జరిగినదేమంటే, ఒక విభాగం పేరూ, దాని పై విభాగం పేరూ ఒకే బకెట్‌లో (కీ నుంచి లెక్కకట్టే హ్యాష్‌కోడ్ అనే సంఖ్యను బట్టి మ్యాప్ కీలను పెట్టే అరలో) పడ్డాయి. ఖాళీ బకెట్‌లో లెక్క మొదలవగానే మ్యాప్ అక్కడొక తాత్కాలిక నోడ్ పెట్టి లాక్ వేస్తుంది. అదే థ్రెడ్ తిరిగి అక్కడికే వస్తే, లాక్ తనదే కనుక లోపలికి వెళ్లి, ఆ నోడ్ ఏ రకానికీ చెందక లూప్‌లో తిరుగుతూనే ఉంటుంది. పై విభాగాన్ని ఎవరైనా ముందే అడిగి ఉంటే అది మ్యాప్‌లో దొరుకుతుంది, ఏ ఇబ్బందీ రాదు. అంతా రిక్వెస్టులు వచ్చిన వరుస మీదే ఆధారపడింది. నిర్ధారించుకోవడానికి పెద్ద ‘ఏ’, చిన్న ‘ఏ’ కలిసిన పదాన్నీ, రెండు పెద్ద ‘బీ’ల పదాన్నీ కీలుగా తీసుకున్నాను (రెండింటి హ్యాష్‌కోడ్ 2112), పది లైన్ల ప్రోగ్రాం మొదటి రన్‌లోనే బిగుసుకుపోయింది.

ఆ ఫంక్షన్ అదే మ్యాప్‌లోని ఇతర కీలను మార్చకూడదని డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది, కాబట్టి తప్పు నాదే. అయినా నోరు మెదపకుండా వేలాడదీయడమే నా ఫిర్యాదు. జావా 9 నుంచి ‘రికర్సివ్ అప్‌డేట్’ అనే సందేశంతో ఎక్సెప్షన్ వస్తుంది. మేము అప్పటికింకా 8లోనే ఉన్నాము.

పైన మెచ్చుకున్న ‘ఆగడం’ కూడా, ఆ బకెట్‌లో పడిన వేరే కీల కోసం రాసే థ్రెడ్లకూ వర్తిస్తుందని తరువాత గమనించాను. ఇప్పుడు ముందు గెట్‌తో చూసి, విలువను బయటే లెక్కకట్టి, కీ లేకపోతేనే విలువను పెట్టే పుట్‌ఇఫ్‌ఆబ్సెంట్‌తో పెడుతున్నాను. అంటే పూడిందన్న ఆ సందును నేనే మళ్లీ తెరిచాను. నా లెక్కలు మిల్లీసెకన్లవి, రెండుసార్లు జరిగినా నష్టం లేదు. ఒక్కో విలువకు డేటాబేస్‌పై బరువైన క్వెరీ నడిపేవారికి ఈ పద్ధతి కుదరకపోవచ్చు, అటువంటి చోట, ఫంక్షన్ మళ్లీ మ్యాప్‌ను తాకకుండా ఉన్నంతవరకు, నేనూ కంప్యూట్‌ఇఫ్‌ఆబ్సెంట్‌నే వాడుతున్నాను.