బదనిక కోయడానికి గడ రంపం: కొనొచ్చా?

మామిడి చెట్టుకు బదనిక (కొమ్మలోకి వేరు దించి చెట్టు రసం పీల్చి బతికే మొక్క) పడితే కడప జిల్లా తోటల్లో ఎక్కువగా చేసే పని దోటికి కొడవలి కట్టి లాగడం. ఆకులు రాలతాయి గానీ వేరు కొమ్మలోనే ఉండిపోయి మళ్లీ చిగురేస్తుంది. జారుడు గొట్టాల అల్యూమినియం గడకు వంపు రంపం బిగించి అమ్మేది ఈ పనికి చాలా మేలు. కొడవలి అందని చోట, అంటే అంటుకున్న గడ్డకు వెనక, అది కోస్తుంది.

ముందు బదనికను పోల్చుకోవాలి. దాని ఆకు మామిడాకు కన్నా పొట్టి, మందం, పెళుసు. చాలాచోట్ల ఎదురెదురుగా జంటగా ఉంటుంది, నలిపితే మామిడి వాసన రాదు. పూలు సన్నటి గొట్టాల్లా కాస్త వంగి నారింజ ఎరుపులో ఉంటాయి. పండు లోపలి గింజకు బంక ఉంటుంది, పిట్టలు తిని వదిలితే అదే కొమ్మకు అతుక్కుంటుంది. కాబట్టి పండు మాగకముందే కోయాలి.

అంటుకున్న చోట కొమ్మ గడ్డకట్టి ఉబ్బుతుంది. అక్కడితో అయిపోదు. గడ్డ నుంచి గోధుమరంగు వేళ్లు బెరడు మీద పాకి, మధ్యమధ్యలో మళ్లీ లోపలికి దిగుతాయి. చివరి పట్టు ఎక్కడుందో చూసి, మాను వైపు ఇంకో అడుగు వదిలి కోయాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

రంపం పళ్లు లాగేటప్పుడు కోస్తాయి, తోసేటప్పుడు బలం పెట్టొద్దు. కొమ్మ కింది వైపు మూడో వంతు ముందు కోసి, తర్వాత పైనుంచి కోయాలి. లేకుంటే కొమ్మ బరువుకు బెరడు మాను దాకా చీలుతుంది. మణికట్టు లావు కొమ్మ వరకు సులువే. మానుకే పట్టిన బదనికకు ఇది చాలదు.

లోపాలూ ఉన్నాయి. గడ పూర్తిగా సాగదీస్తే ఊగి, రంపం కోతలో ఇరుక్కుంటుంది. ఒక గొట్టం లోపలికి తోసి వాడండి. బిగింపు మర పని మధ్యలో వదులవుతుంది, పది కోతలకోసారి చూసుకోవాలి. పైన కరెంటు తీగలున్న చోట అల్యూమినియం గడ అసలు ఎత్తొద్దు. కొమ్మకు నేరుగా కింద నిలబడొద్దు, పొట్టు, సొన కళ్లలో పడతాయి.

కోసిన గాయానికి బోర్డో పేస్టు పూయాలి. కిలో మైలుతుత్తం 5 లీటర్ల నీళ్లలో, కిలో సున్నం ఇంకో 5 లీటర్లలో, ప్లాస్టిక్ బకెట్లలోనే విడివిడిగా కలిపి తర్వాత ఒకటి చేయాలి. పూయడానికి కుంచె పెట్టెలో రాదు. రంపం విప్పి, అదే గడకు పెయింటు బ్రష్షు కడితే సరిపోతుంది.