ట్రాన్స్‌ఫార్మర్ డిఫరెన్షియల్: స్లోప్ పెంచడం మేలా, ఎక్స్‌టర్నల్ ఫాల్ట్ డిటెక్టర్ మేలా?

ఈదురుగాలుల సీజన్ మొదలైతే చాలు, గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల సబ్‌స్టేషన్లలో పనిచేసే ఏఈలు (అసిస్టెంట్ ఇంజనీర్లు) నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "సార్, 33 కేవీ ఫీడర్ మీద కొమ్మ పడింది, ట్రాన్స్‌ఫార్మరేమో డిఫరెన్షియల్ మీద ట్రిప్ అయింది. రెండో స్లోప్ 80 పెట్టేద్దామా?"

డిఫరెన్షియల్ రిలే అంటే ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెళ్లే కరెంట్‌నీ బయటికొచ్చే కరెంట్‌నీ పోల్చి, తేడా ఎక్కువైతే ట్రిప్ చేసే రక్షణ. ఆ తేడా, పారుతున్న కరెంట్‌లో (దీన్నే బయాస్ అంటాం) ఎంత శాతం దాటితే ట్రిప్ కావాలన్నదే స్లోప్. మొదటి స్లోప్ మామూలు లోడ్‌కి, రెండోది భారీ కరెంట్లకి. వాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది. ఫీడర్ ఓవర్‌కరెంట్ మీద పోతే ఆ ఒక్క లైనూ చూసుకుంటే సరిపోతుంది. డిఫరెన్షియల్ మీద పోతే ఐఆర్ (ఇన్సులేషన్ రెసిస్టెన్స్), వైండింగ్ రెసిస్టెన్స్, ఆయిల్ శాంపిల్ చూడకుండా ఛార్జ్ చేయనివ్వరు. ఆ గంటలన్నీ గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలు డీజిల్ జనరేటర్ల మీద నడవాల్సిందే.

ఒక లెక్క వేద్దాం. 132/33 కేవీ, 31.5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్. 33 వైపు ఫుల్ లోడ్ 551 ఆంపియర్లు. ఇంపిడెన్స్ 12.5 శాతం అనుకుంటే, బయట షార్ట్ అయినప్పుడు ఎక్కువలో ఎక్కువ ఫుల్ లోడ్‌కి 8 రెట్ల కరెంట్ పోతుంది. కింది అంకెలన్నీ ఆ రెట్లలోనే. వోల్టేజీ సర్దే ట్యాప్ వల్ల 10 శాతం తేడా ఉన్నా తప్పుడు డిఫరెన్షియల్ 0.8 దాటదు, దాన్ని 30 శాతం స్లోప్ తేలిగ్గా ఆపేస్తుంది. చిక్కంతా కరెంట్ కొలిచే సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) సాచురేట్ అయినప్పుడే, అంటే దాని కోర్ అయస్కాంతత్వంతో నిండిపోయి అసలు కంటే తక్కువ చూపినప్పుడే. 33 వైపు సీటీ సగమే చూపిందనుకోండి: డిఫరెన్షియల్ 4, రెండు వైపుల సగటు తీసుకునే రిలేలో బయాస్ 6. అంటే 67 శాతం. 60 స్లోప్ ఓడిపోతుంది, 80 నిలబడుతుంది. కానీ సీటీ మూడో వంతే చూపితే? నిష్పత్తి 100 శాతం. 80 కూడా చాలదు.

పోనీ ఇంకా పెంచుదామంటే లోపలి ఫాల్ట్ దాక్కుంటుంది. బయట 8 రెట్లు పోతుండగానే ఆ అదురుకి లోపల వైండింగ్ దెబ్బతిని ఇంకో 4 రెట్లు లాగిందనుకోండి. ఒకవైపు 12, ఇంకోవైపు 8. నిష్పత్తి 40 శాతమే, దీన్ని 60 స్లోప్ కూడా చూడదు, ఇంకా పెంచితే ఇంతకంటే పెద్ద ఫాల్ట్‌లూ దాక్కుంటాయి. ఫీడర్ బ్రేకర్ తెరుచుకునేదాకా రిలే ఊరుకుంటుంది. కొందరు భయంతో మొదటి స్లోప్ కూడా పెంచేస్తారు. అది మరీ ప్రమాదం, ఫుల్ లోడ్‌లో వైండింగ్‌లో కొన్ని చుట్లు షార్ట్ అయినా రిలేకి కనపడకపోవచ్చు.

అందుకే నేను ఎంత పెరిగిందన్నదాని కంటే ఏది ముందు పెరిగిందన్నది చూస్తాను. బయటి ఫాల్ట్, లోపలి ఫాల్ట్ అప్పుడు రిలే దాచుకున్న డిస్టర్బెన్స్ రికార్డులు పక్కపక్కన తెరవండి. బయటి ఫాల్ట్‌లో సాధారణంగా మొదటి కొన్ని మిల్లీసెకన్లు రెండు సీటీలూ నిజమే చెబుతాయి. బయాస్ గీత నిటారుగా లేస్తుంది, డిఫరెన్షియల్ గీత అడుగునే ఉంటుంది. ఆ తర్వాత 33 వైపు తరంగం సగంలో తెగినట్టు సున్నాకి పడిపోతుంది, డిఫరెన్షియల్ అప్పుడు పుడుతుంది. లోపలి ఫాల్ట్‌లో ఈ సందు కనపడదు, రెండూ కలిసే లేస్తాయి. ఎక్స్‌టర్నల్ ఫాల్ట్ డిటెక్టర్, అంటే ఫాల్ట్ బయటిదని గుర్తించే రిలే లాజిక్, పట్టుకునేది ఈ సందునే. అది కనపడితే కాసేపు మాత్రం స్లోప్ పెంచుతుంది, లేకపోతే మామూలు మొదటి స్లోప్ 30, రెండో స్లోప్ 60 తోనే నడుస్తుంది.

నా ఓటు దానికే. కాకపోతే డిటెక్టర్ ట్రిప్‌ను పూర్తిగా బ్లాక్ చేసే రకమైతే నాకు నచ్చదు, ఇందాకటి వైండింగ్ లాంటి కేసులో లోపలి ఫాల్ట్ ఎంత పెద్దదైనా అది మూగబోతుంది. బ్రేకర్ మళ్లీ మూసుకున్న (రీక్లోజ్) తర్వాత సీటీలో మిగిలిన అయస్కాంతత్వం వల్ల ఈ సందు బాగా కుదించుకుపోవచ్చు కూడా. కాబట్టి డిటెక్టర్ ఉంది కదా అని నీ పాయింట్ (knee point, సీటీ సాచురేట్ అవడం మొదలయ్యే వోల్టేజీ) తక్కువున్న సీటీతో సరిపెట్టకండి.

మిగతావి క్లుప్తంగా. సెకండ్ హార్మోనిక్ బ్లాకింగ్ ఉన్నది ఇన్‌రష్ కోసం, అంటే ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జ్ చేసిన క్షణంలో ఎగిసే కరెంట్ కోసం. ఈ పనికి దాన్ని నమ్ముకోవద్దు. నెగటివ్ సీక్వెన్స్ (మూడు ఫేజులు సమానంగా లేనప్పుడు పుట్టే కరెంట్ భాగం) దిశ పోల్చే పద్ధతి, చుట్ల మధ్య షార్ట్ అయ్యే టర్న్ ఫాల్ట్‌లకు చక్కగా పనిచేస్తుంది, మూడు ఫేజులూ సమానంగా షార్ట్ అయితే మాత్రం చేతులెత్తేస్తుంది. న్యూట్రల్ దగ్గరి ఎర్త్ ఫాల్ట్‌కి ఆర్ఈఎఫ్ (రెస్ట్రిక్టెడ్ ఎర్త్ ఫాల్ట్ రక్షణ) తప్పనిసరి. ఆయిల్‌లో పుట్టే గ్యాస్‌ని పసిగట్టే బుకోల్జ్ రిలే ఎలాగూ ఉంటుంది.

డిటెక్టర్ లేని పాత రిలే అయితే వేరే దారి లేదు, రెండో స్లోప్ 80 పెట్టండి. దాంతోపాటు సీటీ లీడ్ కేబుల్ పొడవు, మందం చూసి బర్డెన్ (సీటీ మీద పడే భారం) తగ్గించండి. కొత్త న్యూమరికల్ రిలే అయితే డిటెక్టర్ ఆన్ చేసి, మీ సబ్‌స్టేషన్‌లో తప్పుగా ట్రిప్ చేయించిన రికార్డునే కామ్‌ట్రేడ్ (ఫాల్ట్ రికార్డుల ప్రామాణిక ఫార్మాట్) ఫైలుగా దించి, టెస్ట్ కిట్‌తో మళ్లీ ఇంజెక్ట్ చేసి చూడండి. ట్రిప్ రాకపోతేనే సెట్టింగ్ షీట్ మీద సంతకం పెట్టండి.