బరంపురంలో తెలుగులో ఇంగ్లండు చరిత్ర పాఠాలు: ఎనిమిది ఆదివారాల తర్వాత

ఒడియా, ఇంగ్లీషు మాధ్యమాల్లో చదువుకుంటూ ఇంట్లో తెలుగు మాట్లాడే డిగ్రీ విద్యార్థుల కోసం మధ్యయుగ ఇంగ్లండు చరిత్రను తెలుగులో బోధిస్తామని బరంపురంలోని ఒక శిక్షణ కేంద్రం ప్రకటించినప్పుడు, మా అబ్బాయితోపాటు నేనూ చేరాను. ఎనిమిది ఆదివారాలు, రోజుకు రెండు గంటలు, మనిషికి 1,600 రూపాయల రుసుము. ఇచ్ఛాపురం నుంచి రైలెక్కి వచ్చిన పిల్లలు కూడా మా తరగతిలో ఉన్నారు.

రాజు యుద్ధానికి మనుషులను, డబ్బును ఎక్కడినుంచి తెచ్చాడు అన్న ఒక్క ప్రశ్నను పట్టుకుని మాస్టారు పాఠాలన్నీ నడిపారు. సముద్రం దాటి వచ్చి దోచుకునే వైకింగుల దాడులను తట్టుకోవడానికి ఆల్ఫ్రెడ్ రాజు, ఆయన కుమారుడు ఎడ్వర్డ్ కోట పట్టణాలు కట్టించారు. ఆ గోడల మీద ప్రతి అయిదున్నర గజాలకు నలుగురు చొప్పున, హైడు అనే ఒక్కొక్క భూమి కొలతకు ఒక మనిషి చొప్పున కాపలా లెక్క కట్టారని చెప్పినప్పుడు, కోట కట్టాలంటే ముందు ఊళ్ల లెక్క తెలియాలన్న సంగతి పిల్లలకు ఇట్టే అర్థమైంది. 991లో దాడి ఆపినందుకు వైకింగులకు 10,000 పౌండ్లు చెల్లించారు. శత్రువుకు ఇవ్వడానికి మొదలైన వసూలు తర్వాత రాజు సొంత సైన్యం జీతాలకు పనికివచ్చింది. ఇంగ్లండును జయించిన విలియం రాజు 1085లో భూములు, ఆస్తుల లెక్క తీసే డోమ్స్‌డే సర్వేకు ఆజ్ఞ ఇచ్చిన వేళ కూడా డెన్మార్క్ దండెత్తి వస్తుందన్న భయం వెన్నాడుతూనే ఉంది.

మూడో ఆదివారం నేను మరచిపోలేనిది. రాజు ఖజానా శాఖలో గళ్ల గుడ్డ పరచిన బల్ల మీద బిళ్లలు జరుపుతూ లెక్కలు చూసేవారని చెప్పి, మాస్టారు సంచిలోంచి వెదురు కర్ర, చాకు తీశారు. వెయ్యి పౌండ్లకు అరచేతి మందం, వందకు బొటనవేలి మందం, ఇరవైకి చిటికెనవేలి మందం, ఒక పౌండుకు బార్లీ గింజంత గాటు పెట్టి, కర్రను నిలువునా చీల్చి, ఒక ముక్కను మా అబ్బాయి చేతిలో, రెండోదాన్ని నా చేతిలో పెట్టారు. పక్కపక్కన పెట్టి చూస్తే గాట్లు సరిగ్గా కలిశాయి. పాలవాడు మన గోడ మీద బొగ్గుతో గీసిన గీతను ఎవరైనా చెరిపేయగలరు. ఈ కర్ర మీద ఎవరు కొత్త గాటు పెట్టినా రెండో ముక్క పట్టిస్తుంది. చదవడం రాని మనిషికి కూడా ఇది రసీదుగా పనికివచ్చేది. ఏడాది తర్వాతైనా నా అబ్బాయి దీన్ని మరచిపోడు.

జాన్ రాజు పాఠం కూడా అంతే శ్రద్ధగా సాగింది. 1204లో ఫ్రాన్సులోని తన ప్రాంతం నార్మండీ చేజారాక దాన్ని తిరిగి గెలవాలన్న పట్టుదలతో ఆయన పదేళ్లు సొమ్ము కూడబెట్టాడు. యుద్ధానికి రాని సామంతుడు బదులుగా కట్టే సొమ్మును మాస్టారు ‘డాలు పన్ను’ అన్నారు. లాటిన్ మూలంలో ఉన్నదీ డాలే కనుక ఆ మాట నాకు ఎంతో నచ్చింది. జాన్ ఆ పన్నును పదేపదే వేశాడు. 1207లో చరాస్తుల్లో పదమూడో వంతు అడిగి దాదాపు 60,000 పౌండ్లు రాబట్టాడు. 1214 జూలైలో బూవీన్ వద్ద ఫ్రాన్సు రాజు చేతిలో జాన్ మిత్రసేనలు ఓడిపోయాయి, ఏడాది తిరగకముందే రన్నీమీడ్ పచ్చికలో, రాజు అధికారానికి హద్దులు పెట్టిన మాగ్నా కార్టా ఒప్పంద పత్రానికి ఆయన ఒప్పుకోవలసి వచ్చింది. రాజ్యపు ఉమ్మడి సమ్మతి లేకుండా డాలు పన్ను వేయకూడదన్న దాని పన్నెండో నిబంధనను మాస్టారు రెండుసార్లు చదివి వినిపించారు. మొదటి ఎడ్వర్డ్ 1294లో ఫ్రాన్సు యుద్ధం కోసం ఉన్ని బస్తాకు 40 షిల్లింగుల సుంకం వేయడం, 1297లో వెనక్కి తగ్గడం ఆ దారిలోనే వివరించారు.

లోపాలూ చెప్పాలి. ఫ్రాన్సుతో సాగిన నూరేళ్ల యుద్ధాన్ని ఒక్క ఆదివారంలో కుదించడం అన్యాయం. యుద్ధపు సొమ్ము తిన్నవారిని 1376 పార్లమెంటు విచారించి శిక్షించిన ఘట్టం అయిదు నిమిషాల్లో ముగిసింది; 1377లో తలకు 4 పెన్నీలున్న పన్ను మూడేళ్లలో 12కు పెరిగి 1381 రైతు తిరుగుబాటుకు ఎలా దారితీసిందో చెప్పడానికి సమయమే చాలలేదు. అచ్చు నోట్సు పార్లమెంటు 1295లో పుట్టిందని రాస్తే, తరగతిలో మాత్రం రాజును ఎదిరించిన సామంతుడు సైమన్ డి మాంట్‌ఫర్ట్ 1265లోనే పార్లమెంటుకు పట్టణ ప్రతినిధులను పిలిచాడని విన్నాము. పరీక్షకు నోట్సే నమ్ముకునే పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. రెండో హెన్రీ రాజు న్యాయస్థానాల సంగతిని యుద్ధ ఖర్చుల కోణం ఒక్కదానితోనే వివరించలేం కదా అని నేను అడిగితే, మాస్టారు నిజమేనని ఒప్పుకున్నారు. ఆ నిజాయితీకి నమస్కారం.

గదిలో ఫ్యాన్లు తక్కువ, కుర్చీలు మాత్రం బాగున్నాయి. నూరేళ్ల యుద్ధానికి మరో రెండు ఆదివారాలు చేర్చి, నోట్సును సరిదిద్దితే, రుసుము 2,000 చేసినా వచ్చే విడతకు మా మేనకోడలిని తప్పకుండా పంపుతాను.