మంగళగిరి మెయిన్ బజారులో నూలు చీరల కొట్టు

మంగళగిరి చీర కావాలంటే హైవే పక్కన అద్దాల షోరూముల ముందు కారు ఆపకండి, ఊళ్లోకి వెళ్లండి. లక్ష్మీనరసింహస్వామి గాలిగోపురం ముందు నుంచి మెయిన్ బజారులోకి నడిస్తే, ఎత్తరుగు మీద తెల్ల పరుపులు పరిచిన పాతకాలపు కొట్టు ఒకటి కనబడుతుంది. మాది తెనాలి. మా అమ్మమ్మ నాటి నుంచీ మా ఇంట్లో పెళ్లికైనా, వ్రతానికైనా చీరలు అక్కడివే.

ఆ బజారు నిన్న మొన్నటిది కాదు. గుడిలో 1515లో తిమ్మరుసు కొండవీడు గెలిచిన సంగతి చెక్కిన రాతిశాసనం ఉంది. పదకొండు అంతస్తుల గాలిగోపురాన్ని రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు 1807-09 మధ్య కట్టించారు, ఎత్తు 153 అడుగులు. కొండ మీద పానకాలస్వామికి పానకం పోసి, దిగొచ్చి చీర కొనుక్కుని ఇంటికెళ్లడం యాత్రికుల ఆనవాయితీ. ఈ వీధిలో బట్టల వ్యాపారం నిలబడింది ఆ యాత్రికుల వల్లే. దేవుడి రథం కూడా ఈ కొట్ల ముందు నుంచే సాగుతుంది.

ఈసారి మా కోడలికి సీమంతం చీర కోసం వెళ్లాను. కొట్టు బాబాయి గారు ముందు ధర చెప్పరు, చీర మడత విప్పుతారు. "చూడమ్మా, ఒంటి మీద పువ్వూ బుటా ఉండదు. జరీ అంతా అంచులోనే, పైటకి చారలు. మన పాత పద్ధతి ఇదీ," అన్నారు. నిజాం అంచు అంటే అంచు వెంబడి చిన్న చిన్న గోపురాల్లాంటి వరస అని వేలితో తడిమి చూపించారు. బుటాలు నేసినవీ ఉన్నాయి, అడిగితేనే తీస్తారు. మరమగ్గం సరుకు తన దగ్గర ఉండదంటారు. నాకింకా అనుమానం తీరలేదని గ్రహించి, కుర్రాణ్ణిచ్చి వెనక వీధిలో నేసే ఇంటికి పంపారు. అక్కడ గుంట మగ్గం దగ్గర ఒకావిడ కాళ్లు గుంటలో పెట్టుకుని నేస్తోంది, పక్కనే అత్తగారు రాట్నం మీద కండెలు చుడుతోంది. మగ్గం మీదున్నది నేను కొట్టులో చూసొచ్చిన ఆకుపచ్చ రంగే. ఏ షోరూమూ నాకిది చూపించలేదు.

ఆకుపచ్చ చీరకి ఎర్ర అంచు, పద్దెనిమిది వందలు. అందులో నేసినవాళ్ల మజూరీ ఎంతని అడిగితే దాచకుండా చెప్పారు. ఆ మాట విన్నాక బేరమాడబుద్ధి కాలేదు.

లోపాలూ ఉన్నాయి. లోపల వెలుతురు చాలదు, రంగు సరిగ్గా చూడాలంటే అరుగు మీదికి తెచ్చుకోవాలి. నాకోసం తీసుకున్న నీలం చీర మొదటి ఉతుకులో రంగు వదిలింది. కల్లుప్పు నీళ్లలో నానబెట్టమని ముందే చెప్పి ఉండాల్సింది. ఫోన్ చేస్తే ఆ మాటా చెప్పారు, మళ్లీ వదిలితే తెచ్చి మార్చుకోమనీ అన్నారు. ఇప్పటిదాకా వదల్లేదు.

బండి గుడి దగ్గర పెట్టి నడవాలి. మామూలు రోజు పొద్దున్నే వెళ్తే తీరిగ్గా చూపిస్తారు. ఫాల్గుణ పౌర్ణమి తిరునాళ్లప్పుడు మాత్రం స్వామి కోసం వెళ్లండి, చీరల పని ఇంకో రోజు పెట్టుకోండి.